పావు చుట్టు

రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంది. అయినా ప్రేమ్‌సాగర్ చేతులు ఊరుకోవడం లేదు. స్టీరింగును ఇటు జానెడు, అటు జానెడు తిప్పుతూనే ఉన్నాడు. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఆ చేతులకు ఒక లయ ఉంది. పక్క సీట్లో కూర్చున్న వనిత కాసేపు చూసి, ఆపుకోలేక నవ్వేసింది.

"రోడ్డు సక్కగనే ఉంది గద! ఎందుకు గట్ల తిప్పుతున్నవ్?"

"నేను తిప్పుత లేను," అన్నాడు ప్రేమ్‌సాగర్. "ఎటువోతవే అని దాన్ని అడుగుతున్న."

"ఏమంటుంది మరి?"

"ఇనవడుత లేదంటుంది."

వాళ్ల పెళ్లయి ముప్పై ఎనిమిది రోజులు. జీపు వాళ్లది కాదు. నస్పూర్‌లో లింగమూర్తి సారు నడిపే ప్రైవేటు బడిది. ప్రేమ్‌సాగర్ మూడేళ్లుగా దానికి డ్రైవరు. పొద్దున గోదావరి ఒడ్డు పల్లెల నుంచి పిల్లల్ని ఎక్కించుకొస్తాడు, సాయంత్రం దింపుతాడు, ఆ తర్వాత బొగ్గుబావి కాలనీలో తమ క్వార్టరు ముందు నిలబెడతాడు. ఈ ఆదివారం టైర్లకు గాలి పట్టించాలన్న వంకతో కొత్త పెళ్లాన్ని మొదటిసారి ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. బయల్దేరేటప్పుడు అత్త సరోజన గుమ్మంలో నిలబడి, "గాలి టైర్లకా, కోడలికా?" అంది. వనితకు ఆ మాట కూడా బాగుంది. కిటికీకి అద్దం లేకపోవడం బాగుంది. ముందు అద్దం కింద పిల్లలెవరో అంటించిన పిల్లిబొమ్మ బాగుంది. గేరు మార్చినప్పుడల్లా అతని చెయ్యి తన మోకాలికి తగలడం ఇంకా బాగుంది.

సీసీసీ చౌరస్తా దాటాక ఎదురుగా బొగ్గు టిప్పరు వచ్చింది. ప్రేమ్‌సాగర్ మాట ఆగిపోయింది. టిప్పరు ఇంకా చాలా దూరంలో ఉండగానే అతను స్టీరింగును ఎడమకు తిప్పడం మొదలుపెట్టాడు. అది పావు చుట్టు తిరిగింది. జీపు మాత్రం తనకేమీ పట్టనట్టు తిన్నగానే పోతోంది. అంతలో ఉన్నట్టుండి దాని ముక్కు ఎడమకు వాలింది. వాలిందో లేదో, అతని చేతులు అప్పుడే కుడికి తిరిగిపోయాయి. టిప్పరు గాలి వనిత జుట్టు చెదరగొట్టి వెళ్లిపోయింది. ఆమె రెండు పాదాలూ కింది రేకును గట్టిగా తన్నిపట్టాయి. కొత్త మెట్టెలు వేళ్లను నొక్కాయి.

"గిదేంది? ఇప్పుడు తిప్పితే ఎప్పుడో తిరుగుతుంది?"

"స్టీరింగు లూజున్నది. పావు చుట్టు ఉత్తగ వోతది. జర ముందుగాల తిప్పాలె, బండి ఒరగంగనే జర ఎనుకకు గుంజాలె. గంతే." అతని గొంతులో భయం లేదు. గర్వం లాంటిదేదో ఉంది. "నేను దప్ప ఎవ్వడు తోలలేడు దీన్ని. సారు బామ్మర్ది విజయేందర్ లేడా, పోయినేడు ఒక్కనాడు పట్టుకున్నడు. కాలనీ దాటకముందే తుమ్మ పొదలల్ల వెట్టిండు."

"పిల్లగాండ్లు ఎంతమంది ఎక్కుతరు?"

"పద్దెనిమిది మంది."

వనిత వెనక్కి తిరిగి చూసింది. రెండు పొడవాటి బల్లలు, చెయ్యి పట్టి పట్టి నున్నబడ్డ ఇనుప కమ్మీ, కింద ఎవరో పారేసుకున్న రబ్బరు ముక్క. ఆమె నవ్వు ఎటో పోయింది.

"సారుకు చెప్పలేదా?"

"మూడు మాట్ల చెప్పిన. నడిచే బండిని ఇప్పి కూసోవెడ్తె బడి ఎట్ల నడుస్తదిరా అంటడు."

గాలి పట్టించే చోట వనిత దిగలేదు. కొబ్బరిబొండాం కొనిస్తానన్నా వద్దంది. తిరిగొచ్చేటప్పుడు అతని చేతుల్ని కాక, ఎదురుగా వచ్చే ప్రతి బండినీ చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రమే తెల్ల కాగితం తీసుకుని కూర్చుంది. కరీంనగర్‌లో డిగ్రీ చదివిన పిల్ల, అర్జీ రాయడం తెలుసు. పైన 'గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి' అని మొదలుపెట్టి, స్టీరింగు వదులు సంగతి, ఎదురొచ్చే టిప్పర్ల సంగతి, పద్దెనిమిది మంది పిల్లల సంగతి వరుసగా రాసింది. ప్రేమ్‌సాగర్ పక్కనే చేరి చాయ్ చల్లారబెట్టుకుంటూ, "నా గురించి గూడ మంచిగ రాయి, అందగాడని," అన్నాడు. ఆమె మోచేత్తో పొడిచింది.

సరోజన చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు. "కాయిదం రాస్తే బండి బాగైతదా బిడ్డా? ఆ లింగమూర్తి బండి ఇప్పడు, నోరు ఇప్పుతడు."

"ఏమన్న అయితే ఎవలను పట్టుకుంటరు అత్తమ్మా? సారునా? ఈయననే గద!"

"కాలేదు గద ఇప్పటిదాంక." సరోజన కాయ నారను చివరిదాకా లాగింది. "మీ మామ ఉన్నన్నొద్దులు బొగ్గుబాయి అన్నం వెట్టింది. ఇప్పుడు బాయిల జాగ లేదు. వీని చేతికున్నది ఈ ఒక్క నౌకరి. ఉన్నదాన్ని కదిలియ్యకుండ్రి. నా మాట గంతే."

ప్రేమ్‌సాగర్ పెన్ను పట్టుకుని ఒకసారి తల్లిని, ఒకసారి భార్యను చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. చివర 'ర్' కింద తోకను పొడుగ్గా సాగదీసి రెండు చుక్కలు పెట్టాడు. ఆ తోకను చూసి వనిత మురిసిపోయింది.

లింగమూర్తి సారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడట. నోటి మాటను ఎప్పుడైనా కాదనొచ్చు. కాగితం అలా కాదు, ఉంటుంది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. మడిచి సొరుగులో పెట్టి, "ఎవరు రాసిండ్రు?" అని అడిగాడట.

"మా ఇంటామె సార్ అన్న," అని సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు ప్రేమ్‌సాగర్. "అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయన్నడు. ఆదివారం మెకానిక్ మక్బూల్ భాయ్ దగ్గర వెట్టుమన్నడు. మొత్తం చేపియ్యమన్నడు!"

వనిత ఎగిరి గంతేసినంత పని చేసింది. సరోజన కొడుకు ముందర చాయ్ గ్లాసు పెట్టి లోపలికి వెళ్లింది.

మక్బూల్ షెడ్డు మంచిర్యాల తొవ్వలో, పాత టైర్ల గుట్ట వెనక ఉంది. ఆయనకు అరవై దాటి ఉంటాయి. తెల్లగడ్డం కొసలు గ్రీజుకు నల్లబడ్డాయి. జీపును చదునైన చోట నిలబెట్టించి, కిందికి దూరబోతూ వనితను చూశాడు.

"స్టీరింగు పట్టుకుంటవా బేటీ? మొగోడు పట్టుకుంటే బలం జూపిస్తడు. నాకు బలం వద్దు. ఉయ్యాల ఊపినట్టు ఊపాలె, గంతే."

వనిత కొంగు నడుముకు చుట్టి డ్రైవరు సీటెక్కింది. మొదటిసారి ఆ స్టీరింగును తన చేతుల్లో పట్టుకుంది. ఎండకు వేడెక్కి, కొద్దిగా జిగటగా ఉంది. ఇటు ఊపింది, అటు ఊపింది. ఎక్కడా ఏదీ తగలదు. ఖాళీ గిన్నెలో గరిటె తిప్పినట్టుంది.

"జర ఇటు... జర అటు... బస్, మల్ల ఊపు." జీపు కింది నుంచి మక్బూల్ గొంతు వస్తోంది. స్టీరింగును చక్రాలకు కలిపే కడ్డీల ఒక్కో కీలు మీద అరచెయ్యి ఆనించి ఉంచుతున్నాడాయన. ప్రేమ్‌సాగర్ టార్చి పట్టబోతే వద్దన్నాడు. "కండ్లకు దొరుకది బేటా ఇది. చెయ్యికి దొరుకుతది." కాసేపటికి లోపలి నుంచే నవ్వు వినబడింది. "అరె, పాలపన్ను లెక్క ఊగుతుంది గదరా ఇది! ఇదొకటా... ఇదీ పోయింది. నాలుగుకు నాలుగు పోయినయ్."

"స్టీరింగు బాక్సు మీది స్క్రూ పోయినేడు బిగించిండ్రు భాయ్," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"ఎవడు బిగించిండు? రోగం కాళ్లల్ల ఉంటే మందు నెత్తికి రాసిండు!"

పిన్నులు తీసి, నట్టులు విప్పాక కూడా కీళ్లు ఊడిరాలేదు. మక్బూల్ ప్రేమ్‌సాగర్ చేతికి ఒక సుత్తి ఇచ్చి, తానొకటి పట్టుకున్నాడు. "ఒక్క దిక్కు కొడ్తె రాదు. రెండు దిక్కులా ఒక్కసారే పడాలె. అదురుకు అదే ఇడుస్తది." ఒకటి, రెండు, మూడు. రెండు సుత్తులూ ఒకే చప్పుడు చేశాయి. కీలు ఠక్కున వదిలి కింద పడింది. వనిత చప్పట్లు కొట్టింది. మక్బూల్ ఆ పాత కీలును తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు. ఇనుప గుండు దాని గూట్లో లొడలొడా కదులుతోంది. ఇంత చిన్న గుండా, అంత పెద్ద బండిని ఆడించింది!

మధ్యాహ్నం ఆమె తెచ్చిన సర్వపిండి ముగ్గురూ విరుచుకు తిన్నారు. నువ్వులు, పల్లీలు తగులుతుంటే మక్బూల్, "మా ఇంట్ల గింత కరకర రాదు," అని రెండో ముక్క తీసుకున్నాడు. తర్వాత కొత్త కీళ్లు బిగించాడు. బాక్సు స్క్రూను పూర్తిగా వదులు చేసి, మళ్లీ వెంట్రుకవాసి చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ వనితతో స్టీరింగు ఊపించాడు. వెనక టైరు నుంచి ముందు టైరు దాకా తెల్లదారం గుంజికట్టి, ఒక కన్ను మూసి, చక్రాలు వంకర లేకుండా సరిచేశాడు. పొద్దు వాలేసరికి వనిత ఒక్క వేలితో స్టీరింగును కదిపింది. వేలు కదిలినంతా ముందు చక్రాలు కదిలాయి. ఆమెకు ఒళ్లు పులకరించింది.

ప్రేమ్‌సాగర్ ఎక్కి షెడ్డు చుట్టూ ఒకసారి తిప్పాడు. టైర్ల గుట్ట దగ్గర జీపు ఉలిక్కిపడ్డట్టు పక్కకు దూకింది. బ్రేకు వేసి, సిగ్గుపడుతూ నవ్వాడు.

మక్బూల్ నవ్వలేదు. దగ్గరికొచ్చి కిటికీ మీద చెయ్యి వేశాడు.

"బండి మారింది బేటా. నీ చేతులు మారలే. మూడేండ్లు కుంటిదాన్ని నడిపించిన చేతులవి. నాలుగొద్దులు ఖాళీ బండి తిప్పుకో, మరిచిపోతయ్. అప్పటిదాంక పిల్లలను ఎక్కించుకోకు."

దారిలోనే ప్రేమ్‌సాగర్ జీపు ఆపి సారుకు ఫోన్ చేశాడు. వనిత కూడా ఫోనుకు చెవి దగ్గర పెట్టి విన్నది.

"ఖాళీ బండి ఎందుకు తిప్పుడు? కొత్త పెండ్లాన్ని ఎక్కిచ్చుకొని షికారుకా?" లింగమూర్తి నవ్వాడు. "ఇంత చేపిచ్చినంక ఇంకేం కావాలె? రేపు నేను గూడ ఎక్కుత, ఎట్ల చేసిండో చూడాలె గద. మీ ఇంటామెను తీస్కరా. ఒకటో తరగతికి టీచర్ కావాలె. ఆ అక్షరాలు రాసిన చెయ్యి ఊకె ఉండుడెందుకు?"

వనిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీచరు! నాలుగు రోజులు ఆగాలన్న మాట ఆ క్షణం ఆమెకు గుర్తు లేదు. అతనికీ గుర్తు చేయబుద్ధి కాలేదేమో, "మంచిది సార్," అని పెట్టేశాడు.

సోమవారం పొద్దున ముందు సీట్లో లింగమూర్తి కూర్చున్నాడు. వనిత వెనక, పిల్లల మధ్య, ఆకుపచ్చ చీరలో. పిల్లలు కొత్త టీచరును చూసి గుసగుసలాడుతున్నారు. ఒక పిల్ల ఆమె గాజులు లెక్కపెడుతోంది. పల్లె దారుల్లో జీపు మెల్లగా, కొద్దికొద్దిగా మెలికలు తిరుగుతూ వచ్చింది. ప్రేమ్‌సాగర్ మెడ మీద చెమట పేరుకోవడం వనిత చూసింది. చేతుల్ని కదలకుండా పట్టుకోవాలని చూస్తున్నాడు. అవి ఆగడం లేదు. జానెడు ఇటు, జానెడు అటు. ఆ జానెడుకు ఇప్పుడు బండి జవాబు చెబుతోంది.

పెద్ద రోడ్డెక్కాక టిప్పరు వచ్చింది.

ఇంకా దూరంలో ఉండగానే అతని చేతులు ఎడమకు తిరిగాయి. వాటికి తెలిసింది అదే. జీపు ఆ క్షణమే ఎడమకు దూసుకుపోయి రోడ్డు దిగింది. చేతులు ఎప్పటిలాగే వెనక్కి, కుడికి గుంజాయి. జీపు మళ్లీ రోడ్డెక్కి, గీత దాటి, టిప్పరుకు ఎదురుగా వెళ్లింది. చెవులు పగిలే హారను. పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. వనిత చేతికందిన ఇద్దరిని కరచుకుంది. మళ్లీ ఎడమకు ఒక కుదుపు, బ్రేకు, మొరం దుమ్ము. జీపు ఆగింది. టిప్పరు బారెడు దూరంలోంచి వెళ్లిపోయింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఎవరిదో టిఫిను డబ్బా మూత ఊడి, పులిహోర అంతా కింద పడింది.

లింగమూర్తి రుమాలుతో మొహం తుడుచుకుని దిగాడు. ఫోన్ చేశాడు. పదినిమిషాల్లో విజయేందర్ మోటారుసైకిలు మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మణికట్టుకు కడియం.

"దిగు," అన్నాడు లింగమూర్తి ప్రేమ్‌సాగర్‌తో.

"సార్, మక్బూల్ భాయ్ చెప్పిండు," వనిత వెనక నుంచి దూకినట్టే దిగింది. "పాత స్టీరింగుకు చేతులు అలవాటు పడ్డయట. నాలుగొద్దులు ఖాళీ బండి..."

"మేడం, డ్రైవరన్నంక ఏ బండిస్తే ఆ బండి తోలాలె. నాలుగొద్దులు నేర్సుకునేటోని చేతుల పద్దెనిమిది మందిని వెడ్తనా? మీరే రాసిండ్రు గద కాయిదంల, పిల్లల పానాలని." ఆయన గొంతు పెంచలేదు. అదే ఎక్కువ బాధించింది. "ఇన్నొద్దులు బండిని అన్నడు. చేపిచ్చిన. ఇప్పుడు దేన్ని అంటడు?"

"అది లూజున్నప్పుడు మూడేండ్లు ఈయనే తోలిండు సార్. ఒక్క పిల్లకు గీర వడలే."

"అదృష్టం," అన్నాడు లింగమూర్తి.

ప్రేమ్‌సాగర్ తాళంచెవిని విజయేందర్‌కు ఇచ్చాడు. విజయేందర్ ఎక్కి, అద్దం తన మొహానికి సరిచేసుకుని, జీపును తిన్నగా రోడ్డెక్కించాడు. ఏ కుదుపూ లేదు. "మేడం, బడికి టైమైతుంది," అన్నాడు లింగమూర్తి. వనిత కదల్లేదు. ప్రేమ్‌సాగరే ఆమె భుజం మీద చెయ్యి వేసి జీపు వైపు తిప్పాడు.

"పో. పిల్లగాండ్లు బెదిరి ఉన్నరు. నువ్వుండాలె."

ఆ సాయంత్రం మక్బూల్ స్వయంగా సారుకు ఫోన్ చేశాడట. "బండి సంగతి నువ్వు జూడు మక్బూల్, మనిషి సంగతి నేను జూసుకుంట," అన్నాడట లింగమూర్తి. వనిత ఇక ఆ బడికి వెళ్లనంది. సరోజన కోడలు మొహం చూడకుండా, "ఉన్నది పోయింది, వచ్చింది గూడ ఇడిచిపెడ్తవా?" అంది. ప్రేమ్‌సాగర్ కూడా అదే అన్నాడు, ఇంకాస్త మెత్తగా. "ఇద్దరం ఇంట్ల కూసుంటే ఎట్లనే? నాకు రేపోమాపో టిప్పరు దొరుకుతది."

దొరకలేదు. టిప్పర్ల అడ్డాకు మంగళవారం వెళ్లాడు, బుధవారం వెళ్లాడు. అతని కంటే ముందే మాట అక్కడికి చేరింది. పిల్లల బండిని రోడ్డు దింపినోడు ఇతనేనా అని ఒకరు అడిగారు. చాయ్ తాగించి పంపారు.

వనిత రోజూ జీపులో వెళ్తోంది. పిల్లల వెంట ఒక టీచరు ఉండాలని సారు కొత్తగా నియమం పెట్టాడు. విజయేందర్ రెండు వేళ్లతో స్టీరింగు పట్టుకుంటాడు. మరో చేత్తో ఫోను. "ఎన్నముద్ద లెక్క ఉన్నది మేడం బండి. ఇదేం కష్టమని మీ ఆయన గంత పరేషాన్ అయ్యేది?" అన్నాడు గురువారం. వనిత కిటికీలోంచి బయటికి చూసింది. జవాబు నాలుక చివర ఉంది. కానీ నెల నిండితే ఇంట్లోకి వచ్చేది ఆమె జీతమొక్కటే.

శుక్రవారం సాయంత్రం పిల్లల్ని దించి ఇల్లు చేరేసరికి ప్రేమ్‌సాగర్ నల్లా దగ్గర బకెట్ నింపుతున్నాడు. ఆమె చేతిలోంచి సంచి అందుకున్నాడు. నాలుగు రోజులుగా నోట రాని మాట ఆరోజు అడిగాడు.

"బండెట్ల వోతుంది?"

వనిత అతని మొహం చూసింది. ఏం చెబితే ఆ మొహం కాస్త తేటపడుతుందో ఆమెకు తెలుసుననిపించింది.

"ఏం వోతుంది! అటిటు ఊగుతుంది. విజయేందర్‌తోని ఐతలేదు. గుంజుకుంట, ఆపుకుంట తోలుతుండు."

అతని మొహం తేటపడలేదు. బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్నాయి.

"ఊగుతుందా? ఎటు ఊగుతుంది? ఎడమకా?" నల్లా కూడా కట్టకుండా గుమ్మం దగ్గరికి పోయి చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. "నట్టుకు పిన్ను వెట్టలేదేమో... లేదు, నేనే వెట్టిన. కొత్త కీలే ఖరాబున్నదేమో. పద్దెనిమిది మంది ఎక్కుతరే దాంట్ల! రేపు పొద్దుగాల బండి తీయకముందే మక్బూల్ భాయ్‌ని తీస్కపోయి చూపియ్యాలె. సారు తిడ్తె తిట్టనీ."

అప్పటికే గేటు దాకా వెళ్లిపోయాడు. వనిత వెంటపడి చొక్కా పట్టుకుంది.

"ఆగు. అబద్ధం చెప్పిన."

అతను తిరిగాడు.

"సక్కగ వోతుంది," అంది వనిత. ఒక్కో మాటా విడిగా వచ్చింది. "మస్తు సక్కగ వోతుంది. కుదుపు లేదు. ఇయ్యాల వచ్చేటప్పుడు పిల్లగాండ్లు... సగం మంది పండుకున్నరు. ఒకళ్ల మీద ఒకళ్లు వాలి."

ప్రేమ్‌సాగర్ వెనక్కి వచ్చాడు. చెప్పులు విప్పి పక్కపక్కన పెట్టాడు. వంగి నల్లా కట్టాడు.

"పండుకున్నరా?" అన్నాడు. "నా బండ్ల ఎన్నడు పండుకోలే."